రెండు చిట్టెలుకల వంశావళి

1978 ఏప్రిల్ 9, ఆదివారం

మా ఇంట్లో ప్రార్థన కూటం ముగిసింది. గొంతు బొంగురు. ఇవాళ తీర్పు దినం గురించి చెప్పాను. ముందు వరసలో సంఘపెద్ద దానయ్య గారు కళ్ళు తుడుచుకున్నారు, వెనక వరసలో పిల్లలు నిద్రపోయారు. రెండూ మామూలే.

చివరి పాట మధ్యలో వంటింటి వెనకనుంచి కీచుమని చప్పుడు. అందరి తలలూ అటే. తమ్ముడు రత్నం మాత్రం నేల చూస్తున్నాడు.

చెప్పక తప్పలేదు. వాడు పరిశోధన చేసే యూనివర్సిటీలో జంతువుల గదికి పైకప్పు మారుస్తున్నారు, ఎండాకాలం పోయేదాకా వాడి ఎలుకలు మా ఇంట్లోనే. సందులో, గోడ వారన, వరసగా పంజరాలు.

దానయ్య గారు చెప్పులు తొడుక్కుంటూ — "అక్కా, ధర్మశాస్త్రంల ఎలుక అపవిత్రమని చెప్పింది నువ్వే కదా. ఇప్పుడు గోడకు గిటు మేము రొట్టె విరుస్తం, గటు అవి జొన్నలు కొరుకుతయి. గిదేం సంగతి?"

ఇరవై ఏళ్ళుగా మాట తడుముకోని దాన్ని. ఇవాళ తడుముకున్నాను.

ఏప్రిల్ 10

పొద్దున రత్నాన్ని నిలబెట్టి అడిగాను. ఏందిరా నీ ఎలుకల లొల్లి, నాకు అర్థమయ్యేటట్టు చెప్పు.

రెండు పంజరాలు తెచ్చి ముందు పెట్టాడు. "చూడక్కా. గిది సైదాబాద్ అవతల పొలం గట్ల మీద దొరికింది. గిది గూడ గక్కడనే, అదే గట్టు. ఏమన్న తేడా ఉందా?"

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రెండూ బొటనవేలంత. వీపు మట్టిరంగు, కడుపు తెలుపు. రెండూ నన్నే చూస్తున్నాయి.

"ఏం లేదు."

"అందరు గదే అంటరు. ఒకటే చిట్టెలుక అంటరు. నేను రెండు జాతులు అంటున్న. పైన చూస్తే తెల్వది. లోపల, రక్తం పుట్టే మూలుగల, క్రోమోజోములని ఉంటయి. అవి చెప్తయి."

ఇది తేలితేనే వాడి థీసిస్సు. మూడేళ్ళ పని. తేలకపోతే — వాడు ఆ మాట పూర్తి చెయ్యలేదు. ఎలుకకు జొన్నగింజ అందించాడు. అది రెండు చేతులతో పట్టుకుంది.

ఏప్రిల్ 12

అపవిత్రమైన దాన్ని ముట్టినవాడు సాయంత్రం దాకా అపవిత్రుడు. వాక్యం సూటిగా ఉంది. సరే. అయితే సాయంత్రం తర్వాత శుద్ధుడే కదా. పంజరాలు తెల్లారే కడిగేస్తాను. పొద్దంతా జాకెట్లు కుట్టుకుంటాను. దీపాలు పెట్టే వేళకు ప్రార్థనకు కూర్చుంటాను.

పాలు పోసే యాదమ్మకు ఈ ఏర్పాటు చెప్పాను. ఆమె నవ్వీ నవ్వీ చెంబు కింద పెట్టేసింది. "ఎలుకలను సాకుతున్నవా అక్కా! మా కొట్టంల మస్తున్నయి, గంప నింపి తెస్త, ఊరికెనే తీస్కో."

ఏప్రిల్ 15

నేను రత్నం బల్ల తుడుస్తుంటే ఒక కాగితం. ఒక గీత, దానికి కొమ్మలు. ఒక కొమ్మ కొసన ఇంటి ఎలుక. ముళ్ళలాంటి వెంట్రుకల ఎలుక ఒకటి, దూరంగా — దానికి క్రోమోజోములే తక్కువట. మా సందులో ఉన్న రెండు చిట్టెలుకలు మాత్రం పక్కపక్కన, ఒకే చోట చీలి.

వంశావళి!

గ్రంథంలో అందరూ దాటేసే అధ్యాయాలు అవి — ఫలానావాడు ఫలానావాడిని కనెను. నేను దాటను. అక్షరాలు నేర్చుకున్నదే ఆ పేర్లు కూడబలుక్కుంటూ. అలాంటిది, ఎలుకలకు రాస్తాడా వంశావళి? వాటి వాటి జాతి ప్రకారం చేశాడని మొదటి పుటలోనే ఉంటే, ఒకదాన్నుంచి రెండు చీలాయంటాడా, నేను పెంచినవాడు?

రేపు వాక్యం దీని మీదే.

ఏప్రిల్ 16, ఆదివారం

చెప్పాను. నిప్పులు కురిపించాను. ఇంట్లో అన్నం తిని, ఇంటి దీపం కింద కూర్చుని, సృష్టికర్త చేతిపనికి చుట్టరికాలు కడుతున్న తరం అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పే అవసరం ఎవరికీ లేదు. దానయ్య గారు "ఆమేన్" అని మూడుసార్లు అన్నారు, మామూలుగా ఒక్కటే.

రత్నం తెర వెనక నిలబడి అంతా విన్నాడు.

అందరూ పోయాక బయటికి వచ్చి — "మంచిగ చెప్పినవక్కా. గొంతు పోయినట్టుంది. మిరియాల పాలు కాయాల్నా?"

కాచి ఇచ్చాడు. తాగాను. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 19

వాడికి ఒంట్లో బాగోలేదు. అన్నం వాసన పడటం లేదంటాడు.

ఏప్రిల్ 21

కళ్ళు పచ్చగా. కామెర్లు. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. మజ్జిగ, చెరుకురసం, నూనె చుక్క తగలని కూడు.

"ఎలుకలక్కా..."

"నేను చూస్త, పడుకో."

"రెండిటిని కలపొద్దు. చీటీ చూసి—"

"చదువొస్తది నాకు. పడుకో అన్న కదా."

అమ్మ పోయినప్పుడు వీడికి నడక రాలేదు. కుట్టుమిషను పక్కనే చీర ఉయ్యాల కట్టి, ఒక కాలితో మిషను, ఒక కాలితో ఉయ్యాల. ఇప్పుడు మంచం పొడుగూతా ఉన్నాడు. పాదాలు బయటికి వస్తున్నాయి.

ఏప్రిల్ 23, ఆదివారం

దానయ్య గారు ముందే వచ్చారు. రోగిని చూశారు, ప్రార్థన చేశారు — మంచి మనిషే. తర్వాత గుమ్మంలో మెల్లగా — "ఎలుకలు బయటికి పోయేదాకా కూటం మలక్‌పేటల మా ఇంట్ల పెట్టుకుందమక్కా. వాక్యం నువ్వే చెప్పు. జాగ మాత్రం మారుస్తం. జనం భయపడుతున్నరు, కామెర్లు గూడ వాటితోనే వచ్చినయని."

పంజరాలు ఎత్తి బయట పెట్టడం ఎంతసేపు. రత్నం పక్క గదిలో మగతగా ఉన్నాడు. తెలిసేది కూడా కాదు.

"మార్చుకోండి" అన్నాను. నోటి నుంచి అదే వచ్చింది.

ఏప్రిల్ 27

సాయంత్రం ప్రార్థనకు చాపలు పరవడానికి అలవాటుగా చీపురు తీశాను... పరిచేది ఎవరికి.

ఎలుకలు నా అడుగు గుర్తుపడుతున్నాయి. రత్నం వస్తే మూలకు పోయేవి. వాడి చేతికి, వాటికి పొడిచే మందు సూది వాసన. నేను వస్తే కమ్మీల దగ్గరికి. ఒక ఆడది పిల్లల్ని పెట్టింది. గులాబీ రంగు బియ్యపుగింజలు. పాత జాకెట్టు గుడ్డ పీలికలు చేసి వేశాను. అన్నీ లాక్కుని గూడు కట్టుకుంది.

అపవిత్రం. అవును. కానీ తల్లే.

మే 1

రత్నం కంగారు. వాడి పరిశోధన చూసే మేడమ్ కలకత్తాలో ఏదో సభకు వెళ్తున్నారు. ఈ రెండు చిట్టెలుకల క్రోమోజోముల పటాలు అక్కడ పెద్దల ముందు పెడతానన్నారట. ఫోటోలు అయితే ఉన్నాయి. మైక్రోస్కోపులోంచి తీసినవి, నల్లటి పుల్లలు చిందరవందరగా. ఒక్కో పుల్లను కత్తిరించి, జంటలు చేసి, పెద్దవి మొదలు చిన్నవాటి వరకు వరసగా అట్ట మీద అంటించాలి. లేవబోయాడు, తూలి మంచం పట్టుకున్నాడు.

"కత్తెర పనే కదరా. నాకంటే మంచిగ ఎవరు చేస్తరు?"

నవ్వాడు. ఎన్నాళ్ళకో.

మే 2

మొదటి చిట్టెలుక. రత్నం మంచం మీదినుంచి చెప్తుంటే నేను కత్తిరించడం. మొత్తం నలభై పుల్లలు. రెండో రకానికీ నలభయ్యేనట. లెక్క ఒకటే అయితే మరి తేడా ఏమిటి అంటే, "ఆకారంలక్కా" అని కళ్ళు మూసుకున్నాడు. మాట్లాడితే ఆయాసం.

జంటలు కలపడం బాగుంది. ఒకే పొడుగు, ఒకే మందం, పక్కన పెడితే ఇట్టే తెలిసిపోతాయి. జలప్రళయానికి ముందు జంతువుల్ని జతలుగా ఓడలోకి ఎక్కిస్తున్నట్టుంది. కానీ చివరికి ఒక పెద్దదీ ఒక చిన్నదీ మిగిలాయి. వాటి జతలు లేవు. మిషను కింద వెతికాను, ముక్కల బుట్ట బోర్లించాను, నేల మీద పాకాను.

"ఏం దేవులాడుతున్నవ్?"

"రెండు పోయినయ్ రా!"

దుప్పటిలోంచి నవ్వు. "పోలేదక్కా. అది మగ ఎలుక. మగదానికి ఆ రెండు గట్లనే ఉంటయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అదే జత."

ముందే చెప్పొద్దా, మోకాళ్ళు పోయాయి. అయినా, పెద్దదీ చిన్నదీ ఒక జత — ఈ ఇంట్లో అది నాకు కొత్త సంగతి కాదు.

మే 3

రత్నానికి జ్వరం. లేపలేదు. రెండో చిట్టెలుక నేనే చేశాను, పొద్దున్నుంచి కూర్చుని.

వీటిలో చాలావాటికి ఒక కొసన చిన్న బొడిపె. దారపు ముడిలా. ఫోటో కడిగినప్పుడు నల్లరంగు అంటుకుందేమో. జాకెట్టు ఇచ్చేముందు వేలాడే దారాలు ఎట్లా తీసేస్తానో అట్లాగే, కత్తెర కొసతో ఒక్కొక్కటీ నున్నగా తీసేశాను. ఇప్పుడు రెండు అట్టలూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉన్నాయి. ఎంత ముచ్చటగా వచ్చాయో.

తేడా ఎక్కడుందో నాకైతే కనబడలేదు. చదువుకున్న కళ్ళకు కనబడుతుంది కాబోలు.

మే 4

రెండు బస్సులు మారి వెళ్ళి మేడమ్‌కు ఇచ్చాను. పెట్టె సర్దుకుంటున్నారు, సభకు ముందు కలకత్తాలో ఇంకేదో పదిరోజుల పని ఉందట. అట్టలు కాగితంలో చుట్టి ఉన్నవి అట్లాగే పెట్టెలో పెట్టేశారు. "రత్నానికి ఎలా ఉందండీ? మీ తమ్ముడు చాలా బుద్ధిమంతుడు. ఇది నిలబడితే వాడికి తిరుగుండదు."

బస్సులో ఆ మాటే నెమరేసుకుంటూ వచ్చాను. దిగాల్సిన చోటు దాటిపోయి సంతోష్‌నగర్‌లో తేలాను.

మే 14, ఆదివారం

మలక్‌పేటలో వాక్యం. వేరే వాళ్ళ గోడల మధ్య నా గొంతు నాకే పరాయిగా.

రత్నం ఇవాళ రెండు ఇడ్లీలు తిన్నాడు.

మే 17

రాయాలి. రాయలేను... రాస్తాను.

రత్నం లేచి కూర్చున్నాడు. థీసిస్సులో పెట్టడానికి ఇంకో కాపీ కావాలన్నాడు. రెండో చిట్టెలుక ఫోటో ఇంకొకటి ఉంది. వాడి ముందే కూర్చుని మొదలుపెట్టాను. ఒక పుల్ల కత్తిరించాను. కొస దగ్గర బొడిపె తీసేశాను.

"అక్కా. ఏం తీసినవ్?"

"మరక రా."

వాడి ముఖంలో పచ్చదనం కూడా పోయింది. వట్టి తెలుపు.

"అది మరక కాదక్కా. అది చెయ్యి. దానికి అటు దిక్కు చిన్న చెయ్యి ఉంటది. మొదటిదానికి ఉండదు. తేడా గదే. గదొక్కటే తేడా." కాసేపటికి — "అట్ట మీద గూడ గిట్లనే తీసినవా?"

తలూపాను.

"అన్నీ?"

అన్నీ.

కోప్పడలేదు. నా చేతిలోంచి కత్తెర మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టాడు. నా వేళ్ళు అట్లాగే వంగి ఉంటే, వాటిని సాపు చేశాడు, ఒక్కొక్కటీ.

మే 18

రత్నం మేడమ్‌కు టెలిగ్రాం పంపించాడు. సభ నిన్ననే అయిపోయింది.

మే 24

మేడమ్ వచ్చేశారు. రత్నంతో నేనూ వెళ్ళాను, వద్దన్నా. వాడింకా గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

ఆమె అరవలేదు. అరిచే మనిషైతే నేను తట్టుకునేదాన్ని, అది నా భాష. "అందరి ముందూ నిలబడి చూడండి తేడా అన్నాను. ఎవరో నవ్వారు. తేడా ఎక్కడమ్మా అన్నారు. నేనూ చూశాను. లేదు."

"కత్తెర నాది" అన్నాను.

రత్నం పాత స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆమె చూశారు. చాలాసేపు. తర్వాత నన్ను పిలిచారు. "మీరూ చూడండి."

వంగాను. మొదట నా కంటిరెప్ప తప్ప ఏమీ లేదు. రత్నం ఏదో మర తిప్పాడు. వచ్చాయి. ఊదారంగు పుల్లలు, వెలుగులో తేలుతూ. ఒక్కోదానికి అటువైపు చిన్న చెయ్యి, చంటిపిల్ల పిడికిలంత. నిజంగా ఉన్నాయి. ఎవరి కంటా పడకుండా, గడ్డి గట్టు కింద, బొరియలో, బొటనవేలంత ఒంటి లోపల. చేసినవాడు వాటినీ మర్చిపోలేదు.

నేను వాటిని చెత్తబుట్టలో వేశాను.

మేడమ్ రత్నంతో — "నేను నమ్ముతున్నాను. కానీ ఒక్క గట్టు ఎలుకలు చూపిస్తే ఇప్పుడు వాళ్ళు నమ్మరు. వేరే వేరే పొలాల నుంచి కొత్తగా పట్టుకురా, మొదటినుంచీ చెయ్యి, ఇంకొకరు కూడా చూడాలి. ఇంకో ఏడాది. ఓపికుంటే."

రత్నం స్లైడు తీసి మెల్లగా డబ్బాలో పెట్టాడు.

మే 29

రత్నానికి ఆఫీసు గుమాస్తా ఉద్యోగం కాగితం వచ్చింది. ఎప్పుడో రాసిన పరీక్ష. జూన్ పన్నెండున చేరాలి.

బల్ల మీద ఆ వంశావళి కాగితం ఇంకా ఉంది. ఇప్పుడు కోపం రావడం లేదు. ఆ రెండు చిట్టెలుకల కొమ్మ దగ్గర వేలు పెట్టి కూర్చున్నాను. ఒకే చోట చీలి ఉంటే ఉండనీ. నాకు ఇంకా మింగుడు పడదు. కానీ తోటలో మొదటి మనిషికి అప్పగించిన పని ఏమిటి? దున్నడం తర్వాత... జంతువులన్నిటినీ ముందుకు రప్పించి, పేర్లు పెట్టమన్నాడు. ఏది ఏదో తెలుసుకుని పిలవమన్నాడు.

ఆ పని ముగిసిందని ఎక్కడా రాయలేదు. వెతికాను. లేదు.

జూన్ 4, ఆదివారం

మలక్‌పేటలో అదే చెప్పాను. నిప్పు అదే, కాల్చింది నన్నే. ఏప్రిల్‌లో మీ ముందు నా తమ్ముడిని వాక్యంతో కొట్టాను, తెలియక కొట్టాను అన్నాను. పేరు పెట్టే పని మొదటి మనిషి దగ్గరనుంచి వాడి చేతికి వచ్చింది అన్నాను. సృష్టికర్త పెట్టిన చేతులు మరకలనుకుని కత్తిరించింది నేను, వాడు కాదు అన్నాను.

ఆమేన్ లేదు. ఎవరో దగ్గారు.

దానయ్య గారు బయటిదాకా వచ్చారు. "అక్కా, గిట్ల పోతే రేపు ఎలుకలకు గూడ బాప్తిస్మం ఇయ్యాలంటవ్." నవ్వబోయారు, నవ్వు రాలేదు. "జర కొన్నాళ్ళు విశ్రాంతి తీస్కో. నీ గొంతు గూడ బాగలేదు. ఎలుకలు పోనియ్, తమ్ముడు ఉద్యోగంల చేరనియ్. మళ్ళ మీ ఇంట్లనే పెట్టుకుందం. నువ్వే చెప్దువు."

నా గొంతు బాగానే ఉంది.

జూన్ 6

యాదమ్మ ద్వారా రత్నానికి తెలిసిపోయింది.

"నీ కూటం పోయింది నా వల్లనా?"

"నా నోటి వల్ల."

"సోమవారం చేరుతక్కా. ఎలుకలను పట్టిన గట్టు మీదనే ఇడిసిపెడ్త. దానయ్యకు చెప్పు, చాపలు పరువుమని."

"నాకోసం వద్దురా."

"నువ్వు నాకోసం చేసినప్పుడు నేనడిగిన్నా?"

ఇంత పెద్ద గొంతు నాది, చౌరస్తాలో మైకు లేకుండా చెప్పినదాన్ని. లేచి పోయి పంజరాల్లో జొన్నలు వేశాను.

జూన్ 8

మబ్బు పట్టింది. చినుకు లేదు.

పిల్ల ఎలుకలకు బొచ్చు నిండుగా వచ్చింది. తల్లి కంటే పెద్దవయ్యాయనిపిస్తోంది. చీటీ చూసి వేరు వేరుగానే పెట్టాను. నాకు ఇప్పటికీ చూస్తే తేడా తెలియదు. ఉందని తెలుసు.

జూన్ 11, ఆదివారం

కూటానికి పోలేదు. ఇద్దరమే కూర్చున్నాం. వాక్యం చదవమంటే రత్నం చదివాడు, చిన్నప్పుడు నేను నేర్పిన రాగంలోనే. నేను ప్రసంగం చెయ్యలేదు. ఒకటే అడిగాను.

"దానయ్య లేడనుకో. నేను లేననుకో. కూటం లేదు, బాకీ లేదు, ఎవరి రుణం లేదు. అప్పుడు నీకేం కావాల్రా?"

గ్రంథం మూసి పక్కన పెట్టాడు.

"నువ్వు లేవనుకునుడు నాకు రాదక్కా."

జూన్ 12, సోమవారం

రాత్రి వాన పడింది. తెల్లారి నేల మెత్తగా. ఇలాంటి పొద్దునే బొరియలు తవ్వడం తేలికని వాడే చెప్పేవాడు.

కొక్కేనికి ఆఫీసుకు వేసుకునే ఇస్త్రీ చొక్కా తగిలించాను. దాని కిందే పొలానికి తీసుకుపోయే సంచి, ఎలుకలు పట్టే బోన్లు కడిగి సర్ది. డబ్బాలో జొన్నరొట్టె, ఉల్లికారం — ఎక్కడికి పోయినా తినొచ్చు. నోరు మాత్రం కట్టేసుకున్నాను. నా గొంతుతో ఏది చెప్పినా వాడికి అది ఆజ్ఞ అయిపోతుంది.

రత్నం స్నానం అయింది. గదిలోకి వెళ్ళాడు. కొక్కెం దగ్గర ఆగాడు. తెర ఇవతలినుంచి పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

కదలడం లేదు.

నేనూ మిషను తొక్కడం ఆపేశాను.